మందుల చీటీతో పాటు ఇంకొక చీటీ
(రోగుల కుటుంబ సభ్యుల కూడికలో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)



దూరపు ఊళ్ల నుండి వచ్చిన వారు ముందుకు వచ్చి కూర్చోండి. జీపు దొరకదని తొందర ఉన్నవారు మధ్యలో లేచి వెళ్లినా నేనేమీ అనుకోను.

ఈ రోజు మలేరియా గురించి, దోమతెరల గురించి చెప్పబోవడం లేదు. మీలో చాలామంది నన్ను వార్డులో అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరు గారూ, మందులు మీరు ఇచ్చారు, మేము వేశాం. అయినా మా మనిషి ఎందుకు తేరుకోవడం లేదు?" కొన్నిసార్లు జబ్బు మొండిది. అప్పుడు మళ్లీ పరీక్షలు చేయాలి, మందు మార్చాలి. అది డాక్టరు గారి పని. కానీ చాలాసార్లు అడ్డు ఒంట్లో ఉండదు. ఇంట్లో ఉంటుంది, దారిలో ఉంటుంది, ఊళ్లో ఉంటుంది. "అన్నం తిన్న తర్వాత వేసుకోవాలి" అని చీటీ మీద రాస్తాం. ఆ పూట అన్నం ఉందో లేదో చీటీకి తెలియదు కదా!

ఒక అవ్వ సంగతి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. అరవై దాటిన మనిషి. ప్రతి సంత రోజూ రెండు గంటలు నడిచి ఓ.పి.కి వచ్చేది. ఒక వారం గుండె దడ అనేది, ఒక వారం నిద్ర లేదనేది, ఇంకొక వారం ఒళ్లంతా మంటలు అనేది. రక్తం చూశారు, ఇ.సి.జి. తీశారు. బి.పి. కొద్దిగా ఉంది, మోకాళ్లు అరిగాయి. అంతకు మించి ఏమీ లేదు. మాత్రలు తీసుకుని వెళ్లేది, మళ్లీ సంతకు హాజరు. వరుసలో ఉన్నవాళ్లు నవ్వుకునేవారు.

సంగతి తెలుసుకున్నది మన వార్డు ఊడ్చే ఆయమ్మ. ఆమెకు కువి భాష వచ్చు. అవ్వ భర్త పోయాడు. కొడుకూ కోడలూ కూలి పనికి చెన్నై వైపు వెళ్లిపోయారు. ఒక్కదాని కోసం పొయ్యి ఏం వెలిగిస్తానని, పొద్దున కాచిన చోడి అంబలే రాత్రికీ తాగేది. రోజుల తరబడి ఎవరితోనూ మాట లేదు. ఓ.పి. వరుసలో కూర్చుంటే పక్కవాళ్లు పలకరిస్తారు, నర్సమ్మ చెయ్యి పట్టుకుని బి.పి. చూస్తుంది. ఆ పలకరింపు కోసం రెండు గంటలు నడిచి వచ్చేది.

దీనికి ఏ మాత్ర రాయాలి?

ఆ ఊరికి దగ్గరలోనే ఆయమ్మ అక్కగారి ఇల్లు ఉంది. అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్లు మధ్యాహ్నం పూట కూర్చుని చింతపండు గింజ తీస్తారు. ఆ కాలం దాటితే రాజ్మా చిక్కుళ్లు ఏరుతారు. గిరిజన సహకార సంస్థకో సంతకో వెళ్లే సరుకు. ఆయమ్మ అవ్వను వెంటబెట్టుకుని వెళ్లి వాళ్ల మధ్య కూర్చోబెట్టింది. మొదటి రోజు అవ్వ నోరు విప్పలేదట. రెండోసారి కూడా ఆయమ్మే తీసుకుని వెళ్లింది. మూడోసారి తనే వెళ్లింది. ఇప్పుడు బి.పి. మాత్రల కోసం నెలకొకసారి వస్తుంది. మోకాళ్ల నొప్పి అలాగే ఉంది, అదెక్కడికి పోతుంది! కానీ నిద్ర మాత్రలు అడగడం మానేసింది.

ఇలా మనిషిని మందుల దగ్గరకే కాక మనుషుల దగ్గరకు కూడా పంపే పద్ధతికి సోషల్ ప్రిస్క్రైబింగ్ అని పేరు పెట్టారు. ఇంగ్లండులో 2019 జనవరిలో ప్రకటించిన ప్రభుత్వ ఆరోగ్య ప్రణాళికలో దీనిని చేర్చి, డాక్టర్ల దగ్గర లింక్ వర్కర్లు అనే వారిని నియమించారు. రోగితో నిదానంగా మాట్లాడి, తోటపని చేసే బృందానికో, పాటలు పాడుకునే బృందానికో, అప్పుల విషయంలో సలహా చెప్పే చోటికో చేర్చడం వారి పని. అంతకు చాలా ముందే, 1984లో, తూర్పు లండనులోని బ్రోమ్లీ-బై-బో అనే పేదల పేటకు ఆండ్రూ మాసన్ అనే పాస్టరు గారు వచ్చారు. గుడికి వచ్చేది కొద్దిమంది వృద్ధులే. ఆయన ఆ కట్టడం తలుపులు పేట వారందరికీ తెరిచారు. పిల్లల బడి, కాఫీ కొట్టు, చేతిపనులు ఒకటొకటిగా మొదలయ్యాయి. 1997లో అక్కడే వైద్యశాల కూడా వచ్చింది. డాక్టరు దగ్గరకు వచ్చిన మనిషి బయటకు వెళ్తూనే నలుగురిలో కలిసే ఏర్పాటు అది.

మనం మాత్రం ఈ పెద్ద పేర్లు వద్దనుకున్నాం. "రెండో చీటీ" అంటున్నాం. దాన్ని పట్టుకుని మీతో వచ్చేవారిని "తోడు మనిషి" అంటున్నాం.

"ఒంటరితనమా? అది పట్నం జబ్బు సిస్టరు గారూ, మా ఊళ్లో ఎవరూ ఒంటరి కారు" అని ఒక పెద్దాయన అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు 2025 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోందని, దాని వలన ఏడాదికి 8,71,000 మందికి పైగా చనిపోతున్నారని అంచనా వేశారు. బీద దేశాల్లో ఇది ఇంకా ఎక్కువని కూడా చెప్పారు. ఆ లెక్కలు అలా ఉంచండి. మన ఊళ్లోనే చూడండి. టి.బి. వచ్చిందని గిన్నె, గ్లాసు వేరుగా పెట్టిన మనిషి ఎవరితో కూర్చుంటాడు? మూర్ఛలు వస్తాయని పెళ్లికి పిలవని అమ్మాయి సంగతేమిటి? థింసా ఆడేటప్పుడు ఊరంతా చేతులు పట్టుకుని వరుస కడుతుంది. ఆ రోజు వరుసలో లేనివారు ఎవరో ఒక్కసారి లెక్క పెట్టండి. రెండో చీటీ వారి కోసమే.

ఇక తిండి సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

జార్ఖండ్‌లో 2019 నుండి 2022 వరకు రేషన్స్ అనే పేరుతో ఒక పెద్ద పరిశీలన జరిగింది. అక్కడ కూడా మనలాగే కొండల్లో, అడవుల్లో ఉండే ఆదివాసీలు ఎక్కువ. 2,800 మంది టి.బి. రోగులకు మందులతో పాటు నెలనెలా తిండి సరుకులు ఇచ్చారు. కొన్ని చోట్ల రోగి ఇంట్లో ఉన్న మిగిలిన వారికి కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. 2023లో ఫలితాలు వచ్చాయి. అలా తిండి అందిన ఇళ్లలో కొత్తగా టి.బి. రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటుకునే రకం ఊపిరితిత్తుల టి.బి. అయితే దాదాపు సగానికి తగ్గింది. రోగుల్లో మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన వారు బతికి బయటపడటం ఎక్కువగా కనిపించింది. బియ్యం, పప్పు చేసిన పని అది.

"ఆసుపత్రి డబ్బు మందులకే గాని బియ్యానికి కాదు" అనేవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. అమెరికాలో మిసిసిపి అనే రాష్ట్రంలో పత్తి పొలాల నల్లజాతి కూలీలు ఆకలితో ఉండేవారు. 1960లలో అక్కడ జాక్ గైగర్ అనే డాక్టరు గారి వైద్యశాలలో పోషణ లేని పిల్లలకు పాలు, గుడ్లు, కూరగాయలు అని చీటీ రాసి కిరాణా కొట్టుకు పంపేవారు. బిల్లు మందుల ఖాతాలో కట్టేవారు. అధికారులు అభ్యంతరం చెప్పారు. తన పుస్తకాల్లో ఆకలి జబ్బుకు మందు తిండే అని రాసి ఉందని ఆయన వారికి జవాబిచ్చారట.

మన దేశంలో ఇప్పుడు ఆ దారి కొంత తెరుచుకుంది. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుండి టి.బి. రోగికి చికిత్స సాగినన్నాళ్లు నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేశారు. 2022 సెప్టెంబరులో మొదలైన నిక్షయ్ మిత్ర ద్వారా దాతలు సరుకుల సంచి కూడా ఇవ్వవచ్చు. మరి డబ్బు ఎందుకు అందడం లేదని మీరు అడుగుతారు. డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆధార్‌లో ఒక పేరు, ఖాతాలో ఇంకొక పేరు. లేదా ఖాతా వాడక మూసుకుపోయింది. బ్యాంకు ఉన్న చోటికి రాను పోను ఒక రోజు కూలి పోతుంది. మూడుసార్లు తిరిగిన మనిషి నాలుగోసారి వెళ్లడు. ఇక్కడ రెండో చీటీ అంటే సలహా కాదు. తోడు మనిషి ఆ రోగితో కలిసి బ్యాంకుకు వెళ్లి, పని అయ్యేదాకా కిటికీ దగ్గర నిలబడటం.

అందుకే ఈ పని మొదలుపెట్టాలంటే ముందు ఏది చెడగొడుతుందో తెలుసుకోవాలి. అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేది లేని చోటికి చీటీ రాయడం. సంఘం ఉందని కాగితంలో ఉంటుంది, అది కూర్చుని ఏడాది అయి ఉంటుంది. కేంద్రం ఉందంటారు, తాళం వేసి ఉంటుంది. నమ్మి కొండ దిగిన మనిషి ఉత్త చేతులతో తిరిగి వెళ్తే, రేపు మనం టి.బి. మాత్రలు మానవద్దన్నా నమ్మడు. గనుక తోడు మనిషి తన కళ్లతో చూసి రాని చోటికి ఎవరినీ పంపకూడదు.

రెండోది భాష. కాగితం తెలుగులో ఉంటుంది. పట్టుకున్న అమ్మ కువి మాట్లాడుతుంది, లేదా ఆదివాసీ ఒడియా. చదువు రాదు. ఆ కాగితం ఇంటి చూరులో దోపి ఉంటుంది, అంతే. తోడు మనిషి ఆ భాషలో మాట్లాడాలి, మొదటిసారి వెంట నడవాలి. డిగ్రీ ఉన్న అమ్మాయిని పట్నం నుండి తెస్తే మంచిదే. కానీ వాగు దాటి, జలగలు పట్టే దారిలో వెళ్లి, పెట్టిన అంబలి తాగి, మాట వినే మనిషి ఇంకా మంచిది అని నా అభిప్రాయం.

చదువు తక్కువైన వారు ఈ పని చేయగలరా అని అడిగేవారికి జింబాబ్వే దేశం చూపిస్తాను. ఆ దేశంలో మానసిక వైద్యులు చాలా తక్కువ. డిక్సన్ చిబాండా అనే డాక్టరు గారి దగ్గర చికిత్స పొందుతున్న ఒక యువతి, ఆసుపత్రికి రావడానికి బస్సు చార్జీలు లేక రాలేకపోయి, ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత 2006లో ఆయన హరారే నగరంలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెక్క బల్ల మీద కూర్చోబెట్టారు. మనసు బాగాలేని వారు వచ్చి ఆ అవ్వ పక్కన కూర్చుని మాట్లాడతారు. తర్వాత వారిని సంచులు అల్లుకునే ఒక గుంపులో కలుపుతారు. దీని ఫలితాలు 2016లో పెద్ద వైద్య పత్రికలో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం మాత్రమే అందిన వారికంటే బల్ల దగ్గరకు వచ్చిన వారిలో దిగులు బాగా తగ్గింది. మన ఊళ్లలో అవ్వలకు కొదవా?

కాలం కూడా చూసుకోవాలి. కాఫీ పళ్లు కోసే నెలల్లో ఎవరినీ ఏ కూడికకూ పిలవవద్దు, రారు. వానాకాలంలో వాగు అడ్డం. సంత రోజు మాత్రం అందరూ ఎలాగూ కొండ దిగుతారు. గనుక ఏ పనైనా సంతకు ముడిపెడితేనే నిలుస్తుంది.

గర్భిణుల వసతి గృహాల సంగతి మీకు తెలుసు. డోలీలో మోసుకొచ్చే ప్రమాదం తప్పించడానికి, కాన్పు రోజులు దగ్గర పడగానే వచ్చి ఉండమని మన ఏజెన్సీలో వాటిని పెట్టారు. మంచం, భోజనం ఉన్నాయి. కానీ ఇంటి దగ్గర రెండేళ్ల పిల్లను, మేకలను ఎవరు చూస్తారు? ఆ ప్రశ్నకు జవాబు దొరికిన ఇంటి అమ్మ వస్తుంది, దొరకని అమ్మ రాదు. అత్తగారితోనో చెల్లెలితోనో ముందే మాట్లాడి పిల్ల సంగతి కుదర్చడం కూడా వైద్యంలో భాగమే.

ఈ పనిని ఉచితంగా ఆశా కార్యకర్త నెత్తిన పెడితే సరిపోతుంది అనేవారున్నారు. నేను ఒప్పుకోను. ఆమెకు ఇప్పటికే ఎన్ని రిజిస్టర్లో మీకు తెలియదు. తోడు మనిషికి జీతం కావాలి, ఆటో చార్జీలు కావాలి, ఆమె కష్టం వినడానికి పైన ఒకరుండాలి. ఏడాది డబ్బు వచ్చి మొదలుపెట్టి, డబ్బు ఆగగానే మూసేస్తే, అసలు మొదలుపెట్టనిదే నయం. చేర్చుకునే సంఘానికి కూడా ఏదో మేలు ఉండాలి. ఊరికే ముగ్గురు జబ్బు మనుషులను తెచ్చి వాళ్ల మధ్య దింపి వస్తే, వారెందుకు మోస్తారు?

ఇంకొక మాట, మొహమాటం లేకుండా చెబుతాను. ఇది సంఘం వారి ఆసుపత్రి గనుక, రెండో చీటీ అంటే గుడికి రమ్మనడమేనేమో అని కొందరు అనుమానపడుతున్నారు. కాదు. చీటీ డ్వాక్రా సంఘానికి ఉంటుంది, థింసా బృందానికి ఉంటుంది, బడికి ఉంటుంది, ఆఫీసుకు ఉంటుంది. మీ దేవత పండుగ, ఇటుకల పండుగ మీరు చేసుకోండి. మీ ఊరి దిసారి గారితో కూడా మేము మాట్లాడుతున్నాం. ఆయన ఒక మాట చెబితే మూర్ఛల అమ్మాయిని జనం పక్కన కూర్చోనిస్తారు. నేను పది ప్రసంగాలు చేసినా ఆ పని కాదు.

అలాగే రెండో చీటీతో కాని పనులు ఉన్నాయి. ఎవరి మీదనైనా చిల్లంగి అనుమానం వేసి బెదిరిస్తుంటే, ఇంట్లో కొడుతుంటే, ముందు ఆ మనిషి ప్రాణం కాపాడాలి. దానికి పోలీసులున్నారు. చావాలనుందని ఎవరైనా అంటే సంత దాకా ఆగవద్దు, ఆ రోజే తీసుకురండి. రక్తపు వాంతులు, ఛాతీ నొప్పి, జ్వరంలో ఫిట్స్ వీటికి మందే ముందు. ఈ పద్ధతి అన్ని చోట్లా ఒకేలా పని చేస్తుందని పరిశోధకులు కూడా ఇంకా తేల్చలేదు. మందుకు బదులుగా ఎవరికీ దీన్ని రాయడం లేదు.

మీ పిల్లల విషయంలో ఒక మంచి పని జరిగింది, అది చెబుతాను. సికిల్ సెల్ ఉన్న ఒక బాబు ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నాడు. ఎముకల నొప్పులతో ప్రతి చలికాలం వార్డులో చేరేవాడు. నాలుగోసారి డిశ్చార్జి చేసేటప్పుడు తల్లి, "ఇక బడి మాన్పించేస్తాను" అంది. 2023 జూలైలో దేశమంతటా సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైన తర్వాత పరీక్షలు పెరిగాయి, చాలా ఇళ్లలో పిల్లల జబ్బు పేరు తెలిసింది. పేరు తెలిస్తే చాలదు. డిసెంబరులో అరకులో చలి ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? తెల్లవారుజామున అందరితో పాటు ఆ బాబు కూడా చన్నీళ్లు పోసుకునేవాడు. మంచినీళ్లు తక్కువ తాగేవాడు. నొప్పి అంటే బద్ధకం అనుకునేవారు. చలి తగిలినా, ఒంట్లో నీరు తగ్గినా ఈ జబ్బులో నొప్పి విరుచుకు పడుతుంది.

డాక్టరు గారు ఆ రోజు రెండో చీటీ వార్డెనుకు రాశారు. గోరువెచ్చని నీళ్లు, తరగతిలో పక్కన నీళ్ల సీసా, మూత్రానికి అడిగినప్పుడల్లా వెళ్లనివ్వడం, స్వెట్టరు, నొప్పి అన్న వెంటనే కబురు. తోడు మనిషి ఆ చీటీ చేత్తో పట్టుకుని వెళ్లింది. వార్డెను గారు చదివి, "ఇలాంటి పిల్లలు ఇంకా ఇద్దరున్నారు, వారికీ రాయించండి" అన్నారట. ఆ బాబు ఈ చలికాలం ఒక్కసారే వచ్చాడు. బడిలోనే ఉన్నాడు.

ఇందులో నేను గమనించింది ఏమిటంటే, డాక్టరు గారు తన నోటితో చెప్పి, సంతకం పెట్టి ఇవ్వడం. అదే మాట నర్సు విడిగా చెబితే సలహా అవుతుంది. డాక్టరు రాస్తే వైద్యం అవుతుంది. సరే, లోకం అలా ఉంది, దాన్నే వాడుకుందాం.

ఇప్పుడు మీతో అసలు పని. రెండో చీటీని ఇంట్లో ఆపేది చాలాసార్లు మనమే. "మందుకు వచ్చాం, మాటలకు కాదు" అంటారు. "సూది కూడా వేయలేదు" అంటారు. కాన్పు తర్వాత దిగులు పడిన కోడలిని మధ్యాహ్నం గంటసేపు సంఘానికి పంపమంటే, "పొయ్యి ఎవరు చూస్తారు" అంటారు. పొయ్యి ఆ గంట మీరు చూడండి అత్తమ్మా! అయ్యలారా, కల్లు మానిన తమ్ముడిని సంత రోజు జీలుగు చెట్టు దగ్గరకు కాక, మీతో పాటు సరుకు మోయడానికి పిలవండి.

రోగిని అడగకుండా మీరూ మేమూ ఏమీ నిర్ణయించవద్దు. కొందరికి గుంపు ఇష్టం ఉండదు. కోడిపిల్లలు పెంచుకుంటాననే వారున్నారు, బడి పిల్లలకు కథ చెబుతాననే వారున్నారు. తోడు మనిషి మీ ఇంటికి తెల్ల చీరలో రాదు, ఆసుపత్రి బండిలో రాదు. జబ్బు పేరు ఎవరికీ చెప్పదు. ఊరి బారికితో చాటింపు వేయించే పని కాదిది.

చీటీ రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి మీ దగ్గర. రెండోది మీరు వెళ్లిన చోటి వారు వేలిముద్రో సంతకమో పెట్టి తిరిగి ఇస్తారు. దాన్ని వచ్చే సంతకు తెచ్చి ఫార్మసీ కిటికీ పక్కన ఉన్న చిన్న బల్ల దగ్గర ఇవ్వండి. వెళ్లినా పని కాలేదా, ఆ మాటా చెప్పండి. అది తెలిస్తేనే ఆ చోటికి ఇంకొకరిని పంపకుండా ఉంటాం. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం ఉంటే అవీ తెచ్చుకోండి. పేర్లలో తేడా ఉందేమో అక్కడే చూస్తారు.

ఇక మీరు అడగండి. తెలుగులోనే అడగాలని లేదు. కువిలో అయితే ఆయమ్మ ఇక్కడే ఉన్నారు, ఒడియాలో అయితే ల్యాబు తమ్ముడు వస్తాడు. ముందు ఆ వెనక గోడకు ఆనుకుని కూర్చున్న తల్లీ, ఇందాకటి నుండి చెయ్యి ఎత్తుతున్నారు, మీరు చెప్పండి.